ముల్లు సున్నా మీద లేదు: పిల్లల బరువు చూసే అధికారులకు ఒక దడవాయి లేఖ

మా జిల్లాలో అంగన్వాడీలను పర్యవేక్షించే శిశు సంక్షేమ అధికారులకు, ప్రాజెక్టు అధికారులకు, సెక్టార్ సూపర్‌వైజర్లకు, పసిపిల్లలకు వైద్యం చేసే డాక్టర్లకు నమస్కారం.

నేను మార్కెట్ యార్డులో దడవాయిని. ధాన్యం, కందులు, మిర్చి తూచి పద్నాలుగేళ్లుగా బతుకుతున్నాను. మాకు ఇద్దరు పిల్లలు. బాబుకు ఐదేళ్లు, పాపకు ఇరవై నెలలు. పాప పుట్టినప్పుడు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు ఉంది. రెండున్నర కిలోలు లేకపోతే తక్కువ బరువు కిందే లెక్క అని కాన్పు చేసినచోటే చెప్పారు, జాగ్రత్తగా చూసుకోమన్నారు. చూసుకుంటున్నామనే అనుకున్నాం. పిల్లల ఆరోగ్యం గురించి మీకు చెప్పేంత చదువు నాకు లేదు. తూకం గురించి మాత్రం చెప్పగలను. ఈ లేఖలో చాలా భాగం అదే.

జనవరి మొదటి వారంలో నా భార్యకు జ్వరం వస్తే పాపను నేనే అంగన్వాడీకి తీసుకెళ్లాను. దూలానికి గుండ్రటి స్ప్రింగు కాంటా వేలాడుతోంది. దాని కొక్కేనికి నిక్కరులా కుట్టిన గుడ్డ సంచి. అందులో పాపను కూర్చోబెట్టారు. ఒంటి మీద స్వెట్టరు, తలకు ఉన్ని టోపీ, నడుముకు తడిసిన గుడ్డ, కాళ్లకు వాళ్ల అమ్మమ్మ చేయించిన వెండి పట్టీలు. పాప గుక్కపెట్టి ఏడుస్తూ గింజుకుంటోంది, ముల్లు అటూ ఇటూ ఊగుతోంది. ఆ ఊపులోనే టీచరమ్మ ఒక అంకె పట్టుకుని "ఎనిమిది కిలోల రెండు వందలు" అంది. ఫోనులో నొక్కింది. పచ్చరంగు వచ్చింది. "పాప బాగానే ఉంది అన్నా, పచ్చలోనే ఉంది" అని నవ్వుతూ చెప్పింది. బయట ఇంకా పదిమంది తల్లులు నిలబడి ఉన్నారు.

నాకు కాంటా కనిపిస్తే చూపు దాని మీదికే పోతుంది. పాపను దించాక ఖాళీ సంచితో ముల్లు ఎక్కడ ఆగిందో చూశాను. సున్నా దాటి మూడో గీత మీద ఉంది. ఒక్కో గీత నూరు గ్రాములు.

మరునాడు ఎండ ఎక్కాక పాపను యార్డుకు తీసుకెళ్లాను. ఒక అడ్తి దుకాణంలో చిన్న ఎలక్ట్రానిక్ కాంటా ఉంది. తుడిచి, నా కొత్త తువ్వాలు పరిచి, సున్నా నొక్కి, పాప ఒంటి మీద ఏమీ లేకుండా అర నిమిషం కూర్చోబెట్టాను. మూడుసార్లు తూచాను. మూడుసార్లూ ఏడు కిలోల ఆరు వందలు. పక్కనున్న పెద్దాయన, మా హమాలీ, నన్ను కోప్పడ్డాడు. "పసిపిల్లను కాంటా ఎక్కిస్తావా నాయనా, దిష్టి తగలదూ!" అంటూ గుప్పెడు మిర్చి తీసి పాప చుట్టూ తిప్పాడు. మా యార్డులో మిర్చికి కొదవ లేదు కాబట్టి దిష్టి తీయడం వెంటనే అయిపోయింది. తేడా వచ్చిన ఆరు వందల గ్రాములే ఎటూ పోలేదు.

మీకు యార్డు లెక్క ఒకటి చెప్పాలి. ధాన్యం నింపే కొత్త గోనె సంచి బరువు దాదాపు ఆరు వందల గ్రాములు. బస్తా తూచాక ఆ సంచి బరువు తీసేసి గింజల బరువు రాస్తాం. దానికి పైన ఇంకో ఆరు వందలు తరుగు తీశామని తెలిస్తే రైతు నా చొక్కా పట్టుకుంటాడు. పట్టుకోవాలి కూడా. కాంటాలు ఆపి, రోడ్డు మీద ధాన్యం పోసి కూర్చున్న రైతులను నేను చాలాసార్లు చూశాను. ఒక బస్తా దగ్గర గొడవకు సరిపోయే ఆ బరువు ఏడున్నర కిలోల బిడ్డ దగ్గర ఎవరి కంటికీ ఆనలేదు. ముల్లులో మూడు వందలు, బట్టల్లో రెండు వందల యాభై, పట్టీల్లో యాభై. సంచి బరువు తీయకుండా సరుకు తూచారు, అంతే.

ఆ ఆరు వందలు ఏం చేశాయో నాకు తర్వాత తెలిసింది. పద్దెనిమిది నెలల ఆడపిల్లకు ఎదుగుదల పటంలో పచ్చరంగుకూ పసుపురంగుకూ మధ్య గీత ఎనిమిది కిలోల నూరు గ్రాముల దగ్గర ఉంటుంది. ఎనిమిది రెండు వందలైతే పచ్చ. ఏడు ఆరు వందలైతే పసుపు, అంటే బరువు తక్కువ. ఏడు కిలోల రెండు వందల కంటే దిగితే నారింజ రంగు, అది మరీ ప్రమాదం. మా పాప నారింజకు దగ్గర్లో ఉంటే ఫోను పచ్చ చూపించింది. 2013 నాటి ఆహార భద్రత చట్టం ఆరో సెక్షన్ పోషణ లోపం ఉన్న పిల్లలను అంగన్వాడీ ద్వారా గుర్తించి ఉచితంగా ఆహారం ఇవ్వాలని చెబుతుంది. చట్టం వచ్చినప్పుడు అందులో రాసింది మామూలు బిడ్డకు రోజుకు 500 కేలరీలు, పోషణ లోపం ఉన్న బిడ్డకు 800. ఇవ్వడం కంటే ముందు గుర్తించాలి కదా. గుర్తించేది ఆ ముల్లే.

పాప పుస్తకం, అంగన్వాడీ లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే నా అనుమానం ఇంకా పెరిగింది. ఆరో నెలలో ఆరు కిలోల నూరు, తొమ్మిదో నెల టీకా వేసినప్పుడు ఆరు కిలోల ఎనిమిది వందలు. ఇవి టీకాలు వేసే నర్సమ్మ, ఏఎన్ఎం, రాసినవి. ఏడాది దాటాక అంగన్వాడీలో ఏడు మూడు వందలు, ఏడు ఐదు వందలు, ఏడు ఏడు వందలు, ఎనిమిది, ఇలా మెట్లెక్కినట్టు ఎక్కాయి. ఏ నెలా తగ్గలేదు, ఏ నెలా ఆగలేదు. మొన్న అక్టోబరులో పాపకు వారం రోజులు విరేచనాలై కళ్లు లోతుకు పోయాయి. ఆ నెలంతా నా భార్య పుట్టింట్లోనే ఉంది, అంగన్వాడీ గుమ్మం ఎక్కలేదు. అక్టోబరు బరువు మాత్రం ఉంది. సెప్టెంబరు కంటే రెండు వందలు ఎక్కువ ఉంది. నా వృత్తిలో ఇంత తీరుగా ఉన్న చిట్టా కనిపిస్తే మేం ముందు చేసే పని సరుకు దింపించి మళ్లీ తూచడం.

మా ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే టీచరమ్మకు మెమో వస్తుంది, కాంటా అలాగే వేలాడుతూ ఉంటుంది. ఆమె మా పిల్లలను పేరుపేరునా ఎరిగిన మనిషి. మా బాబు అక్షరాలు దిద్దింది ఆమె దగ్గరే. ఆమె రోజు ఎలా గడుస్తుందో నేను ఒక పూట కూర్చుని చూశాను. ఒక చేతిలో ఫోను, ఒడిలో రిజిస్టర్లు, లోపల పొయ్యి మీద అన్నం, మధ్యలో ఓటర్ల జాబితా పని. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే సరుకుకు ముఖం గుర్తింపు తప్పనిసరి చేశారు. నా భార్య ఆధార్ ఫోటో పెళ్లికి ముందు దిగినది, అప్పటికీ ఇప్పటికీ మనిషి సగమైంది. ముఖం కుదరదు. దాంతోపాటు అడిగే ఓటీపీ నంబరు నా ఫోనుకు వస్తుంది, నేను యార్డులో బస్తాల మధ్య ఉంటాను. ఒక నెల మూడుసార్లు తిరిగాక పసిపిల్లలకు అంగన్వాడీ ఇచ్చే పోషకాహార పొడి, రెండున్నర కిలోల బాలామృతం పొట్లం, చేతికి వచ్చింది. దొంగ లెక్కలు ఆపడానికే ఇది పెట్టారని అర్థం చేసుకోగలను. కానీ పొట్లం ఇవ్వడానికి తల్లి ముఖం కావాలి, పాప బరువు రాయడానికి పాప కూడా అక్కర్లేదు. ఈ రెండింటిలో ఏది పెద్ద దొంగ లెక్కో మీరే చెప్పండి.

ఇక పొడవు సంగతి. పిల్లలను పడుకోబెట్టి పొడవు కొలిచే బల్ల అంగన్వాడీలో ఉంది. గోడకు చేరేసి ఉంది, దాని మీద మసిగుడ్డలు ఆరేసి ఉన్నాయి. రెండేళ్ల లోపు బిడ్డను పడుకోబెట్టే కొలవాలట, దానికి ఇద్దరు కావాలట. ఒకరు తల పట్టుకోవాలి, ఒకరు మోకాళ్లు నొక్కి పాదం పలకకు ఆనించాలి. టీచరమ్మ ఒక్కతే, ఆయా పోస్టు ఖాళీ. కాబట్టి పాప పొడవు వరుసగా మూడు నెలలు ఒకే అంకె.

ఇంతవరకూ మిమ్మల్ని అన్నాను. ఇప్పుడు నా ఇంటి సంగతి చెప్పకపోతే న్యాయం కాదు.

పాప సన్నగా ఉందని మాకు తెలియక కాదు. పక్కింటి పిల్ల మా పాప కంటే నెలన్నర చిన్నది, ఆ పిల్ల గౌను మా పాపకు వదులు. చూసిన ప్రతివాళ్లూ నా భార్యనే అడిగారు. "ఏం పెడుతున్నావమ్మా?" "పాలు సరిపోతున్నాయా?" "నువ్వే తినడం లేదేమో." పాప పక్కనే నేను నిలబడి ఉన్నా ఒక్కరు కూడా నన్ను అడగలేదు. ఆశా కార్యకర్త అడగలేదు, డాక్టరు అడగలేదు, బంధువులు అడగలేదు. అది నాకు సుఖంగానే ఉండేది, నిజం చెప్పాలంటే. యార్డు నుంచి వచ్చేసరికి పాప నిద్రపోయేది. ఎంత తింది, ఎన్నిసార్లు తింది అని నేనూ ఎప్పుడూ అడిగి ఎరగను. ఆ అడుగుళ్లకు భయపడే నా భార్య రెండు నెలలు పెళ్లిళ్లకు వెళ్లడం మానేసిందని నాకు ఈ మధ్యే తెలిసింది.

మా అమ్మ మేడారం మొక్కింది. బిడ్డ నిలదొక్కుకుంటే ఎత్తు బంగారం ఇస్తానని. తెలియనివారి కోసం చెబుతున్నాను, అమ్మవార్లకు ఇచ్చే ఆ బంగారం మనిషి బరువుకు సరితూగే బెల్లం. జనవరి చివర్లో జాతరకు వెళ్లి పాప ఎత్తు బెల్లం తూయించాం. ఏడు కిలోల ఆరు వందల యాభై తూగింది. ఎత్తు బంగారం ఇంత తేలిగ్గా తీరితే మా అమ్మ సంతోషించలేదు, కళ్లు తుడుచుకుంది. బెల్లం కొట్టువాడి కాంటా మాత్రం సరిగ్గా ఉంది.

అంతకుముందు పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. పేరు అనవసరం. మూడు వందల ఫీజు, మూడు నిమిషాల చూపు. పాపను తూచింది నర్సు, అదీ చెప్పులతో సహా. ఆకలి పుట్టే సిరప్పు ఒకటి, వెనిల్లా వాసన వచ్చే పొడి డబ్బా ఒకటి రాశారు. డబ్బా ఏడు వందల పైచిలుకు, పది రోజులకు అడుగు కనిపించింది. సిరప్పు తాగినన్ని రోజులు పాప మగతగా పడుకుంది. పాప ఏం తింటోందని ఆ మూడు నిమిషాల్లో ఎవరూ అడగలేదు. డాక్టర్లకు కూడా ఈ లేఖ రాయడం అందుకే.

అడిగింది మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ. నేను యార్డులో తూచిన బరువు చీటీ మీద రాసుకుని తీసుకెళితే నవ్వలేదు. మళ్లీ తూచింది, అదే వచ్చింది. నర్సును పిలిచి ఇద్దరూ కలిసి పొడవు కొలిచారు, 75 సెంటీమీటర్లు. ఎడమ జబ్బకు రంగుల టేపు చుట్టింది. 12.1 సెంటీమీటర్లు, పసుపు. పదకొండున్నర కంటే తగ్గితే పోషకాహార పునరావాస కేంద్రంలో రెండు వారాలు పెట్టాల్సి రావచ్చని చెప్పింది. ఆ తర్వాత పాప పుస్తకంలో తెల్లగా ఉన్న పటం పేజీ తెరిచి, పుట్టినప్పటి నుంచి నమ్మదగిన బరువులు మాత్రం చుక్కలుగా పెట్టి, పెన్నుతో కలిపింది.

ఆ గీత నేను మరిచిపోలేను. పుట్టిన దగ్గరి నుంచి ఆరో నెల దాకా నిటారుగా ఎక్కింది. తక్కువ బరువుతో పుట్టినా పాప పరుగెత్తింది, మూడు కిలోల ఏడు వందలు పెరిగింది. తల్లిపాలు సరిపోలేదన్న వాళ్లందరికీ ఆ గీత చూపించాలనిపించింది. తొమ్మిదో నెల దగ్గర వంగింది. అక్కడి నుంచి పొలం గట్టులా చదునుగా సాగింది. ఆడపిల్ల సగటున రెండు కిలోలు పెరిగే ఆ తొమ్మిది నెలల్లో మా పాప పెరిగింది ఎనిమిది వందల గ్రాములు. "అంకె చూస్తే ఏమీ తెలియదు, గీత ఎటు పోతోందో చూడాలి" అంది డాక్టరమ్మ. కొందరు పిల్లలు పుట్టుకతోనే చిన్న, వాళ్ల గీత కిందనే ఉన్నా పటంలోని గీతలతో సమానంగా పైకి పోతూ ఉంటుంది, వాళ్ల గురించి బెంగ అక్కర్లేదట. పైనుంచి కిందికి గీతలు దాటుకుంటూ వచ్చే బిడ్డను చూసి బెంగపడాలట. ఆ మాట మాకు తొమ్మిది నెలల కింద చెప్పేవారు ఉంటే!

ఆ తర్వాత కూర్చోబెట్టి అడిగింది. నన్ను కూడా. పొద్దున్న ఏం పెడతారు? టీలో ముంచిన బిస్కెట్లు. మధ్యాహ్నం? అన్నం, పలచటి చారు. పప్పు? పైన తేరిన కట్టు. గుడ్డు? వేడి చేస్తుందని వారానికి ఒకటి. నెయ్యి, నూనె? జలుబు చేస్తుందని అసలు లేదు. అంగన్వాడీ గుడ్లు నెలకు పదహారు వస్తున్నాయి కదా? పెద్దవాడు తింటాడు. బాలామృతం? వాడే తింటాడు, వాడికి ఇష్టం, తియ్యగా ఉంటుంది. ఒక్కో జవాబుకు నా భార్య గొంతు తగ్గుతూ వచ్చింది. డాక్టరమ్మ ఒక్కసారి కూడా గదమాయించలేదు. పాప పిడికిలి చూపించి "పొట్ట ఇంచుమించు ఇంతే, దీన్ని నీళ్లతో నింపితే అన్నానికి చోటేది?" అంది. చెంచా వంచితే జారిపోని ముద్ద, అందులో చెంచాడు నూనె లేదా నెయ్యి, పప్పు గుజ్జు, రోజుకు మూడు నాలుగు సార్లు అన్నం, మధ్యలో రెండుసార్లు అరటిపండో బాలామృతమో, రోజూ గుడ్డు. టీ బంద్. గ్రాము బియ్యంలో ఉండే శక్తికి గ్రాము నూనెలో రెండింతల పైన ఉంటుందని చెబితే నాకు వెంటనే పట్టుబడింది. లారీలో చోటు తక్కువైతే బరువైన సరుకు ఎక్కించాలి, అంతే కదా.

నెత్తురు పరీక్షలో హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. పదకొండు ఉండాలట. ఐరన్ చుక్కలు రాసింది, పాలతో కలిపి ఇవ్వొద్దంది. మూత్రం కూడా పరీక్ష చేయించింది, అందులో ఏమీ లేదు. తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతానికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత చెబుతోంది. మా పాప అందులో ఒకతె అన్నమాట. పదిమందిలో ఏడుగురికి ఉన్నదాన్ని ఎవరూ జబ్బు అనుకోరు కాబోలు.

"తండ్రి పోలిక, మీరూ పొట్టే కదా" అని నాతో అన్నవాళ్లు ఉన్నారు. నిజమే, నేను ఐదడుగుల మూడంగుళాలు. కానీ నా చిన్నప్పుడు మా ఇంట్లో గుడ్డు పండుగకే కనిపించేది. నా పొట్టితనం ఎంతవరకు మా నాన్న పోలికో, ఎంతవరకు మా ఇంటి పోలికో ఎవరు తేల్చారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఎదుగుదల కొలబద్ద ఏ తెల్లవాళ్ల పిల్లలదో అనుకునేవాణ్ని. బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలతో పాటు మన ఢిల్లీ పిల్లలను కూడా కొలిచే దాన్ని తయారు చేశారని తర్వాత తెలిసింది. తల్లిపాలు, మంచి తిండి, శుభ్రత ఉంటే ఐదేళ్ల లోపు ఎక్కడి పిల్లలైనా ఇంచుమించు ఒకేలా పెరుగుతారని అందులో తేలింది. ఆ కొలబద్ద మనకు సరిపోదని వాదించే పండితులూ ఉన్నారు. వాళ్లలో వాళ్లు తేల్చుకోనివ్వండి. నా పాప గీత చదునుగా పోయిందని చెప్పడానికి ఏ కొలబద్ద అయినా చాలు. పేదల పిల్లలు చిన్నగా ఉన్నా ఆరోగ్యంగానే ఉంటారన్న వాదన 1980లలో ఒకటి వచ్చిందట. పేదలకు ఒక కొలత, ఉన్నవాళ్లకు ఒక కొలత ఏమిటని దాన్ని గట్టిగా ఎదిరించినవారు డాక్టర్ సి. గోపాలన్, మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థను నడిపిన పెద్దాయన. దేశానికి పోషణ పాఠం చెప్పే సంస్థ హైదరాబాద్‌లో ఉంది. అదే రాష్ట్రంలో వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్ల లోపు పిల్లలు 2015-16 సర్వేలో 28 శాతం ఉంటే 2019-21కి 33 శాతమయ్యారు. తగ్గాల్సింది పెరిగింది.

ఇంకో లెక్క కూడా చూడండి. ఆ సర్వే ప్రకారం దేశంలో బరువు తక్కువ పిల్లలు 32 శాతం. అంగన్వాడీలో పిల్లల బరువులు ఎక్కించే మీ ఫోను యాప్, పోషణ్ ట్రాకర్, లెక్కల నుంచి 2024లో పార్లమెంటుకు చెప్పింది దాదాపు 17 శాతం. సంవత్సరాలు వేరు, అంగన్వాడీకి వచ్చే పిల్లలు వేరు, నాకు తెలుసు. అయినా రెండు కాంటాల మధ్య ఇంత తేడా వస్తే యార్డులో ఆ రోజు లావాదేవీ ఆపేస్తాం. తూనికలు కొలతల అధికారి వచ్చి రెండు కాంటాల మీదా ముద్ర రాయి, అంటే సరైన బరువని ముద్ర పడ్డ తూకం రాయి, పెట్టి చూసేదాకా బస్తా కదలదు.

నేను అడుగుతున్నది కూడా అదే. కూరగాయల బండి మీది ఎలక్ట్రానిక్ కాంటాకు ఏడాదికోసారి ముద్ర వేయించకపోతే జరిమానా వేస్తారు. టమాటాలకు ఉన్న ఆ దయ పిల్లల మీద చూపించండి. జిల్లాలో ప్రతి అంగన్వాడీ కాంటాను ఏడాదికోసారి ముద్ర రాళ్లతో సరిచూడండి. ముద్ర రాయి లేకపోతే కిలో ఉప్పు ప్యాకెట్టు చాలు, తూకానికి ముందు ఒకసారి వేలాడదీస్తే కాంటా నిజం చెబుతోందో లేదో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. కొత్త డిజిటల్ కాంటాలు ఇచ్చామని మీరు అంటారు. ఇచ్చారు. మా దగ్గర దానికి బ్యాటరీ అయిపోయి నాలుగు నెలలైంది. బ్యాటరీ డబ్బులు ఏ పద్దు కింద పెట్టాలో టీచరమ్మకు ఎవరూ చెప్పలేదు.

తూచే పూట టీచరమ్మను ఒంటరిగా వదలకండి. ఆశా కార్యకర్తో ఏఎన్ఎమ్మో పక్కన ఉండాలి, ఇద్దరు లేకుండా పొడవు కొలవడం కుదరదని మీ శిక్షణ పుస్తకాల్లోనే ఉంటుంది. బిడ్డ రాని నెలలో "రాలేదు" అని రాసే ధైర్యం ఆమెకు ఇవ్వండి. ఖాళీ గడి కనిపిస్తే సూపర్‌వైజరు నుంచి ఫోను వస్తుందన్న భయంతోనే ఆ గడులు నిండుతున్నాయి. ఖాళీని నేరంగా చూసినంత కాలం మీకు నిండు గడులే వస్తాయి, వాటిలో మా అక్టోబరు లాంటివి ఎన్నో.

అన్నిటికంటే నాకు ముఖ్యమైంది ఆ పటం. పాప బరువు నిమిషంలో ఢిల్లీకి చేరుతోంది, రెండడుగుల దూరంలో కూర్చున్న తల్లికి చేరడం లేదు. ఆమెకు చేరుతున్నది ఒక రంగు, అదీ ఫోను తెర మీద అరక్షణం. పుస్తకంలో పటం పేజీ ఉంది, ఏ నెలకా నెల చుక్క పెట్టి గీత కలపడానికి పెన్ను చాలు. ఆ పుస్తకం ఇంట్లో ఉంటే నేను చదవగలను, మా అమ్మ కూడా చదవగలదు. గీత వంగితే చదువు రానివాళ్లకు కూడా కనిపిస్తుంది. మా పాప గీత తొమ్మిదో నెలలో వంగినప్పుడు చూసి ఉంటే మేం ఏడు వందల డబ్బా కొనేవాళ్లం కాదు, చారు నీళ్లు మానేసేవాళ్లం.

తండ్రులను కూడా పిలవండి. నెలకు ఒక తూకం రోజు ఆదివారం పెట్టండి, వస్తాం. రాకపోతే అప్పుడు తిట్టండి. నానమ్మలను పిలవండి, నెయ్యి వల్ల జలుబు చేయదని మా అమ్మకు నేను చెబితే వినలేదు, డాక్టరమ్మ చెబితే విన్నది.

డబ్బు సంగతి మీ చేతిలో లేదని తెలుసు. రోజుకు ఒక బిడ్డకు ఎనిమిది రూపాయలన్న కేంద్రం లెక్క 2017లో ఖరారైంది. 2025 బడ్జెట్ ప్రసంగంలో పెంచుతామన్నారు. ఆ ఎనిమిదిలో ఒక గుడ్డు కొంటే చిల్లర ఎంత మిగులుతుందో బజారుకు వెళ్లిన ఎవరికైనా తెలుసు. మీరు పైకి రాసే నివేదికల్లో ఈ ముక్క కూడా ఒకటి చేర్చండి. కింది నుంచి మెరుగుపడినట్టు అంకెలు వెళుతూ ఉంటే పైవాళ్లు డబ్బు ఎందుకు పెంచుతారు?

మార్చి చివర్లో పాపను మళ్లీ తూచాం. ఎనిమిది కిలోల ఎనభై గ్రాములు. పది, పదకొండు వారాల్లో దాదాపు అర కిలో. ఇంకా పసుపులోనే ఉంది. కానీ గట్టులా పడి ఉన్న గీత కొస పైకి లేచింది. రాత్రి ముద్ద ఇప్పుడు నేనే పెడుతున్నాను. యార్డు నుంచి వచ్చేదాకా పాపను నిద్రపోనివ్వకుండా ఉంచడం మా బాబు ఉద్యోగం. గుడ్డు తెల్లసొన ఊసేస్తుంది, పచ్చసొన తింటుంది, ఆవకాయ వాసనకు చేయి చాపుతుంది.

వచ్చే నెల మొదటి వారంలో తూకం ఉందని టీచరమ్మ కబురు పంపింది. ఆ రోజు నేను సెలవు పెట్టాను. పట్టీలు ఇంట్లోనే విప్పి, పాపను తీసుకుని, చేతిలో కిలో ఉప్పు ప్యాకెట్టుతో వస్తాను. మీలో ఎవరైనా వస్తే మీ ముందే తూద్దాం.

ఇట్లు,
ఒక దడవాయి, ఇద్దరు పిల్లల తండ్రి